నాన్న ఆర్‌ఎక్స్ 100కి 135 బ్లాక్ ఎక్కించాను

నాన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైకులో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్ నొక్కుకునే ఒత్తిడి) పోయింది. కిక్ కొడితే కాలు ఊరికే కిందికి జారిపోయేది. మళ్ళీ బోర్ కొట్టిద్దామంటే, అంటే లోపల గీకి కాస్త పెద్దది చేయిద్దామంటే, సిలిండర్‌లో ఇక మందం లేదన్నాడు లేత్ దగ్గరి అన్న. దాంతో ఆ తర్వాతి మోడల్ ఆర్‌ఎక్స్ 135ది బ్లాక్ (సిలిండర్), పిస్టన్, హెడ్ సెట్టుగా కొన్నాను.

లెక్క సులువే. రెండింటికీ స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 50 మిల్లీమీటర్లే. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) మాత్రం 50 నుంచి 58 అవుతుంది, 98 సీసీ కాస్తా 132కి చేరుతుంది. తీరా బిగించబోతే బ్లాక్ కింద ఉండే లావుపాటి గొట్టం (స్లీవ్) పాత క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ కింది పెట్టె, నోట్లో పట్టలేదు! ఇంజిన్ మొత్తం విప్పి, ఖాళీ కేసు రెండు ముక్కలూ కలిపి బిగించి, లేత్ మీద నోరు పెద్దది చేయించాను. వారం అక్కడే పోయింది.

పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి, రింగుల కొసలు గాడిలోని పిన్ను దగ్గర కలవాలి. అది తప్పితే రింగు సిలిండర్ గోడలోని రంధ్రంలో (పోర్టులో) ఇరుక్కుని బ్లాక్ గీసుకుపోతుంది.

బండి స్టార్టయింది గానీ, థ్రాటిల్ గట్టిగా తిప్పితే గొంతు పట్టేసినట్టు ఆగేది. ప్లగ్ విప్పితే సుద్దముక్కలా తెల్లగా ఉంది, అంటే ఇంజిన్‌కి పెట్రోల్ చాలట్లేదు. టెన్షన్ పట్టుకుంది. పెట్రోల్ చాలనప్పుడు అలాగే తోలితే పిస్టన్ పట్టేస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ పెద్దది వేస్తూ పోతే రెండోసారికి ప్లగ్ సరైన టీ రంగుకి వచ్చింది.

ఇలాంటి మార్పు మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, అందుకే బండి మా తోట దాటదు. నాన్న మాత్రం పాత సౌండే బాగుండేదంటున్నారు.