ర్యామ్ ఓవర్‌క్లాకింగ్: చేయి పెట్టే ముందు స్టిక్కర్ చదవండి

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేయడం నా పని. కౌంటర్ దగ్గర తరచూ వినే ప్రశ్న ఒకటుంది: "అన్నా, 3200 ర్యామ్ తీసుకున్నా, 3600కి లాగొచ్చా?" ర్యామ్‌ని కంపెనీ రాసిన వేగం దాటించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. లాగొచ్చో లేదో డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 3200 చెప్పదు. లోపల ఎవరి చిప్ ఉంది, దాన్ని ఏ గ్రేడులో వేశారు అన్నది తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

మెమరీ చిప్పుల మార్కెట్‌లో పెద్ద వాటా మూడు కంపెనీలదే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. జీస్కిల్, కోర్సెయిర్ లాంటివాళ్లు చిప్పులు కొని, బోర్డు మీద ఎక్కించి, పైన హీట్‌సింక్ తొడిగి అమ్ముతారు. ఒకే వేఫర్ (సిలికాన్ పలక) నుంచి కోసిన చిప్పులు కూడా ఒకేలా ఉండవు. ఒకటి తక్కువ వోల్టేజీకే పరిగెత్తుతుంది, పక్కనే పుట్టినది అదే వేగానికి తప్పులు చేస్తుంది. వీటిని పరీక్షించి వేరు చేయడమే బిన్నింగ్. గుంటూరు మిర్చి యార్డులో తాలు కాయలు ఏరి పక్కన పోసినట్టే, కాకపోతే ఇక్కడ కంటిచూపు పనికిరాదు, నడిపి చూడాల్సిందే.

డీడీఆర్4 రకం ర్యామ్‌కి జెడెక్ (మెమరీ ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణం 1.2 వోల్టుల దగ్గర 3200 దాకా ఉంది. ఆపైన మాడ్యూల్ కంపెనీ తన వంతు పరీక్షలు చేసి, సాధారణంగా 1.35 వోల్టులకు నిలిచే వేగాన్ని ర్యామ్‌లోనే ఎక్స్ఎంపీ ప్రొఫైల్‌గా రాసిపెడుతుంది. అంటే గ్రేడు కనీస హామీ మాత్రమే, చిప్ సత్తా అంతటితో ఆగిపోయిందని కాదు. ఖరీదైన స్టిక్కులకు గిరాకీ తగ్గితే మంచి చిప్పులు కింది లేబుల్‌తోనే బయటికొస్తాయి. మనం వెతికేది ఆ మిగులునే.

స్టిక్కర్ మీద వేగం కన్నా టైమింగ్స్ ముందు చూడండి. ర్యామ్ ఒక్కో పనికి తీసుకునే క్లాక్ సైకిళ్ల లెక్క అది, అందులో మొదటి అంకె సీఎల్. 3200 దగ్గర 14-14-14-34 అని ఉంటే అది దాదాపు ఖాయంగా శాంసంగ్ బి-డై (డై అంటే చిప్ రకం). డీడీఆర్4 కాలంలో దానికి సాటి లేదు. 16-18-18-38 అయితే లోపల ఏదైనా ఉండొచ్చు. కోర్సెయిర్ డీడీఆర్4 స్టిక్ మీద చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబర్ ఉంటుంది. అది 3తో మొదలైతే మైక్రాన్, 4 అయితే శాంసంగ్, 5 అయితే హైనిక్స్. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు చిప్పులు వస్తాయి కాబట్టి రెండు స్టిక్కులూ ఒకే కిట్‌లో కొనండి. "ఇప్పుడొకటి, పండక్కి ఇంకొకటి" పద్ధతి ఇక్కడ పనికిరాదు.

పెద్ద నంబర్ చూసి మోసపోకండి. సీఎల్‌ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16 అంటే 10. 3600 సీఎల్18 అన్నా అదే 10. 3200 సీఎల్14 అయితే 8.75.

ఇక పని. రైజెన్ 5 5600, బీ550 బోర్డు, రెండు 8 జీబీ స్టిక్కులు ఉన్నాయనుకుందాం. ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో స్టిక్కులు పెట్టండి. బయోస్ (బోర్డులోనే ఉండే సెట్టింగ్స్ ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి, అందులో ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. అసలు ఇది కూడా ఆన్ చేయకుండా ఏళ్ల తరబడి 2133 దగ్గరే నడుపుకునేవాళ్లు బోలెడుమంది! సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 1600 కనిపిస్తే కంగారు పడకండి, డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి దాన్ని రెండింతలు చేసుకోవాలి.

తర్వాత 3600 పెట్టి, టైమింగ్స్ 18-22-22-42కి వదులు చేసి, వోల్టేజీ 1.40 ఇవ్వండి. ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (రైజెన్ లోపలి భాగాలను కలిపే దారి) 1800 ఉండాలి. ఈ ప్రాసెసర్లలో మెమరీ, ఫ్యాబ్రిక్ ఒకే క్లాక్‌లో నడిస్తేనే లాభం. 3800 దాటాక జత విడిపోతే నంబర్ పెరుగుతుంది, ఆలస్యమూ పెరుగుతుంది. రోజువారీ వాడకానికి నేను 1.45 వోల్టులు దాటను. శాంసంగ్ సి-డై అయితే 1.35 పైన ఇచ్చేకొద్దీ ఇంకా మొరాయిస్తుంది, దాని జోలికి పోకండి.

బూట్ అయింది కదా అని విండోస్‌లోకి వెళ్లొద్దు. తప్పులు చేసే ర్యామ్ ఫైళ్లను చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నడపండి. అది పాసయ్యాకే విండోస్‌లో టెస్ట్‌మెమ్5. ఒక్క తప్పు వచ్చినా ఆ సెట్టింగ్ ఫెయిలే.

పాసైతే ఒక్కో టైమింగ్ తగ్గించుకుంటూ రండి, మార్చిన ప్రతిసారీ మళ్లీ టెస్ట్. బయోస్‌లో గేర్ డౌన్ మోడ్ అనే మెమరీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే సీఎల్ 15 పెట్టినా 16గానే నడుస్తుంది. అసలు రుచి మాత్రం టీఆర్ఎఫ్‌సీలో ఉంది. మెమరీలో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జ్. అది కారిపోతుంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ నింపాలి. నింపుతున్నంతసేపూ మెమరీ మన పనికి దొరకదు. ఆ సమయమే టీఆర్ఎఫ్‌సీ. 3600 దగ్గర ఆటోలో వదిలేస్తే 630 క్లాక్ సైకిళ్ల దాకా ఉంటుంది. మైక్రాన్ ఇ-డై 540 దగ్గర నిలుస్తుంది, మంచి బి-డై 288కి కూడా దిగుతుంది.

చార్జ్ వేడికి ఇంకా తొందరగా కారుతుంది. బి-డైకి టీఆర్ఎఫ్‌సీ బిగించాక చిప్ 50 డిగ్రీలు దాటితే తప్పులు మొదలవడం మామూలే. డిసెంబర్ రాత్రి పాసైన సెట్టింగ్ మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఫెయిలవ్వొచ్చు. అందుకే ఏసీ ఆపి, గ్రాఫిక్స్ కార్డుకు కూడా లోడ్ పెట్టి టెస్ట్ చేయమంటాను.

తెర రాకపోతే టెన్షన్ వద్దు. చాలా బోర్డులు కొన్నిసార్లు ప్రయత్నించి తామే పాత సెట్టింగ్‌కి వస్తాయి. రాకపోతే కరెంటు వైరు తీసేసి, బయోస్ సెట్టింగ్స్ చెరిపే సీమాస్ క్లియర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో కలపండి. పిన్నులు దొరక్కపోతే గుండ్రటి సెల్ తీసి కాసేపాగి పెట్టండి.

ఇంత చేస్తే దక్కేదేంటి? గేముల్లో మధ్యమధ్య వచ్చే జర్కులు తగ్గుతాయి. ట్యాలీ, ఎక్సెల్ వాడేవాళ్లకు తేడా తెలియదు, వాళ్లు ఎక్స్ఎంపీతో ఆపేయడం మంచిది. ఇంటెల్ హెచ్610 బోర్డు ఉన్నవాళ్లకు ఈ దారే లేదు, అందులో మెమరీ ఓవర్‌క్లాకింగ్ లాక్.

డీడీఆర్5 వాళ్లకు రెండు మాటలు. రైజెన్ 7000కి 6000 దగ్గర ఆగండి. ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికి ఇచ్చేది) 1.3 దాటనివ్వకండి, 2023లో కొన్ని ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ పెట్టిన హద్దు అది. సెట్టింగ్ మార్చాక మొదటి బూట్‌లో మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కి సరిపోయే సెట్టింగ్‌ని బోర్డు వెతుక్కోవడం) నడుస్తుంది, నిమిషాల తరబడి తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు పవర్ బటన్ మీద చేయి వేయొద్దు.