తాత సందూకలో దొరికిన మిలిట్రీ మెడల్‌ను గుర్తుపట్టడం ఎలా?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత పెంకుటిళ్ళు కూల్చి స్లాబు వేసేటప్పుడు, అటక మీది సందూకలో పహాణీల (పాత భూమి రికార్డుల) కట్టతో పాటు ఒక్కోసారి రంగు వెలిసిన రిబ్బన్‌కు వేలాడే బిళ్ళ కూడా బయటపడుతుంది. "అది మిలిట్రీ తాతది" అంటారు. ఆ తాత ఏ పల్టన్‌లో పనిచేశాడు, ఏ దేశం పోయాడు అని అడిగితే మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఆ జవాబులో సగం బిళ్ళ మీదే ఉంటుంది, చదవడం తెలియాలంతే.

ముందు తోమకండి

దొరకగానే చింతపండు పెట్టి రాగి చెంబు తోమినట్టు తోమేసేవాళ్ళే ఎక్కువ. ఆ పని చేయొద్దు. చింతపండులోని పులుపు, ఇత్తడి తళతళలాడించే పౌడర్లు, ద్రావణాలు లోహం పై పొరను తినేస్తాయి. దాంతో సన్నటి అక్షరాలు మొదట చెరిగిపోతాయి. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోవాలి, ముఖం మీద వేళ్ళు ఆనించకూడదు. రిబ్బన్ చిరిగి ఉన్నా తీసి పారేయకండి. కొత్త రిబ్బన్ ఎక్కడైనా దొరుకుతుంది గానీ, ఆ మనిషి గుండె మీద వేలాడిన రిబ్బన్ మళ్ళీ దొరకదు.

అంచు చదవండి

అందరూ మొదట బ్రిటిష్ రాజు బొమ్మ చూస్తారు. ఆ బొమ్మ లక్షల మెడల్స్ మీద ఒకేలా ఉంటుంది. మీ తాత గురించి చెప్పేది అంచు.

గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా పట్టండి. నాణెం అంచు లాంటి ఆ సన్నటి పట్టీ మీద ఇంగ్లీషు పెద్దక్షరాలు నీడలతో సహా తేలతాయి. బిళ్ళను కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీసుకోండి. సాధారణంగా వరస ఇలా ఉంటుంది: నంబరు, హోదా, పేరు, యూనిట్. హోదా పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ఎన్‌కే అంటే నాయక్, హెచ్ఏవీ అంటే హవల్దార్, జెఈఎమ్ అంటే జమేదార్, ఎస్‌పీఆర్ అంటే సాపర్, అంటే ఇంజనీరింగ్ పల్టన్ సిపాయి. యూనిట్ దగ్గర ఆర్ఐఏఎస్‌సీ అని ఉంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, సరుకులు, లారీలు చూసుకున్న విభాగం. మద్రాస్ ఎస్ అండ్ ఎం అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్.

పేరు మీద పూర్తిగా ఆధారపడకండి. మన పేర్లను పల్టన్ గుమాస్తా తనకు వినబడినట్టు రాసుకున్నాడు. ఇంటిపేరు తరచూ ఉండదు, నర్సింహులు ఎన్ని స్పెల్లింగుల్లోనైనా కనిపించొచ్చు. నంబరు మాత్రం ఆ మనిషిదే. దాన్ని అంకె తప్పు పోకుండా రాసుకోండి.

మొదటి ప్రపంచ యుద్ధం మెడల్స్ మీద పేరు దాదాపు తప్పకుండా ఉంటుంది. గుండ్రటి వాటికి అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉండే స్టార్‌లకు వెనక వైపు. రెండో యుద్ధంలో బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే పంచింది, భారతీయ సైనికులకు ఇచ్చిన వాటి మీద మాత్రం తరచూ కనిపిస్తుంది. మనవాళ్ళకు అది కలిసొచ్చిన విషయం.

ఇప్పుడు బొమ్మ, రిబ్బన్

గుర్రం మీద మనిషి, డెక్కల కింద డాలు, పుర్రె, పక్కన 1914, 1918 అని ఉంటే అది బ్రిటిష్ వార్ మెడల్. అడ్డంగా 36 మిల్లీమీటర్లు, ఎక్కువ భాగం వెండివే. కూలి దళాల వాళ్ళకు కంచువి కూడా ఇచ్చారు. రెక్కల దేవత బొమ్మతో, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బన్‌తో ఉన్న కంచు బిళ్ళ విక్టరీ మెడల్. దీన్ని ఎవరికీ ఒంటరిగా ఇవ్వలేదు, వార్ మెడల్‌తో జతగానే ఇచ్చారు. కాబట్టి మీ ఇంట్లో కంచుది ఒక్కటే ఉందంటే జత పోయిందన్నమాట. ఏ కరువు ఏటనో అవుసలాయన కుంపట్లో కరిగి కాళ్ళ పట్టీలై ఉంటుంది. అదీ ఇంటి చరిత్రే, రాసి పెట్టుకోండి.

రెండో యుద్ధానివి ఆరు కొనల స్టార్‌లు. మధ్యలో రాజు ముద్ర, చుట్టూ బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది కాబట్టి కష్టం లేదు. ఆఫ్రికా స్టార్ రిబ్బన్ ఎడారి ఇసుక రంగులో ఉంటుంది. గుండ్రటి వాటిలో రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం ఉంటే 1939–45 వార్ మెడల్. భారతదేశం మ్యాపు ఉంటే ఇండియా సర్వీస్ మెడల్. ఈ రెండే ఉండి స్టార్ ఏదీ లేకపోతే, ఆయన సర్వీసు ఎక్కువగా దేశంలోనే గడిచి ఉండొచ్చు, లేదా స్టార్ పోయి ఉండొచ్చు. "తాత బర్మాలో కొట్లాడిండు" అనే మాటను కాగితం చూశాకే ఖాయం చేసుకోండి.

స్వాతంత్ర్యం తర్వాతివి చదవడం తేలిక. నిలువు చారల్లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రిబ్బన్ ఉంటే 1947 ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి తూర్పు వైపు పోరాడినవాళ్ళకు పూర్వీ స్టార్, పడమటి వైపు వాళ్ళకు పశ్చిమీ స్టార్, ఇంకా సంగ్రామ్ మెడల్. సైన్య సేవా మెడల్ రిబ్బన్ మీద హిమాలయ, నేఫా (ఇప్పటి అరుణాచల్) లాంటి పేరున్న చిన్న లోహపు పట్టీ ఉంటే, ఆయన ఎక్కడ పనిచేశాడో అదే చెప్తుంది.

లోహం చూసి విలువ కట్టొద్దు. శౌర్య పతకాల్లో అన్నిటికంటే పెద్దదైన పరమవీర చక్ర కంచుది. దాని తర్వాతి మహావీర చక్ర, వీర చక్ర వెండివి. ఈ మూడింటినీ 1950 జనవరి 26న ఏర్పాటు చేశారు, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుకు 2020 గల్వాన్ ఘర్షణలో చూపిన సాహసానికి మరణానంతరం ఇచ్చింది మహావీర చక్ర. దాని రిబ్బన్ సగం తెలుపు, సగం నారింజ.

హైదరాబాద్ అనే పేరు దగ్గర ఆగండి

మన జిల్లాల వాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అంచు మీద హైదరాబాద్ కనబడగానే నిజాం సైన్యం అనుకుంటారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఉంటే అది బ్రిటిష్ ఇండియా సైన్యం. పూర్వం నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి వచ్చినా, తర్వాత అందులో కుమావోనీలు, జాట్‌లు, అహీర్‌లు నిండారు. 1945లో దాని పేరే కుమావోన్ రెజిమెంట్‌గా మార్చారు. ఇప్పుడు దాని కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. దక్కన్ హార్స్ సంగతీ అంతే. పేరు మనది, సైన్యం బ్రిటిష్ వాళ్ళది. 1916 జులైలో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో గుర్రాల మీద దాడికి దిగిన పల్టన్ అది.

నిజాం సొంత సైన్యానివి వేరు: హైదరాబాద్ ల్యాన్సర్స్, హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. ల్యాన్సర్స్ మొదటి యుద్ధంలో మైసూర్, జోధ్‌పూర్ రౌతులతో ఒకే బ్రిగేడ్‌లో పాలస్తీనా వైపు పనిచేశారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాలవే. ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటా భారు విమానాశ్రయం కాపలాలో ఉంది.

ఉర్దూ అక్షరాలుంటే సంవత్సరం హిజ్రీలో ఉండొచ్చు. 1355 హిజ్రీ అంటే దాదాపు 1936. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) అయితే పాత పహాణీలకు చేసినట్టే 590 కలపండి. చదవలేకపోతే ఊళ్ళో పాత దస్తావేజులు చదివే ఉర్దూ పెద్దమనిషికి చూపించండి.

సందూకలో దొరికిందల్లా మిలిట్రీది కాదు. రాజుల పట్టాభిషేకం, జూబ్లీ బిళ్ళలు, స్కౌట్ బ్యాడ్జీలు, బడిలో ఇచ్చినవి కూడా ఉంటాయి. 1972లో స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చిన తామ్రపత్రం పూర్తిగా వేరు. అదే సందర్భానికి సైనికులకు 25 ఏళ్ళ స్వాతంత్ర్య మెడల్ ఇచ్చారు కాబట్టి రెండూ కలిసిపోతుంటాయి.

అసలా, నకలా?

అచ్చులో పోసిన నకలు మీద చిన్న గుంతలు, మొద్దుబారిన ముక్కు, చెవులు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. కొలత కూడా వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కిన మెడల్స్ ఇంకా ప్రమాదం. వర్నియర్ కాలిపర్‌తో రెండు మూడు చోట్ల అడ్డకొలత తీయండి. ఒకచోట తగ్గితే అక్కడ ఆకురాయి ఆడిందన్నమాట. నకలు అనగానే మోసం అనుకోనక్కర్లేదు. ఒరిజినల్ ఇంట్లో దాచి యూనిఫాం మీద పెట్టుకోవడానికి సైనికులే కాపీలు కొనుక్కుంటారు.

కాగితాల వేట

మెడల్ కంటే, సైన్యం నుంచి దిగిపోయేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు గొప్పది. అది దొరక్కపోతే పెన్షన్ కాగితం, పాత గ్రూప్ ఫొటో వెతకండి. నంబరు, యూనిట్ చేతిలో ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయి ఏ రికార్డ్ ఆఫీసుకు రాయాలో అడగండి. యుద్ధంలో చనిపోయినవాళ్ళయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, స్పెల్లింగు మార్చి మార్చి చూడాలి. నిజాం సర్కారు కాగితాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

కొనాలనుకుంటే

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, చార్మినార్ దగ్గర పాత నాణేల వాళ్ళ దగ్గర అప్పుడప్పుడు మెడల్స్ తగులుతాయి. పేరున్నదే కొనండి. ఒకే మనిషివి నాలుగు కలిసి ఉంటే విడగొట్టి కొనకండి, ఆ వరసే ఆయన సర్వీసు. శౌర్య పతకం అని ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ఆ బేరం వదిలేయడమే మంచిది. వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులకు 1972 పురావస్తు చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదు. మొదటి యుద్ధం మెడల్స్‌కు ఇప్పుడు ఆ వయసు వచ్చేసింది. ఆన్‌లైన్‌లో బయటి దేశం వాడు ఎక్కువ ధర ఇస్తానన్నా తొందరపడొద్దు.

దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, లోహానికి జిగట పడుతుంది. ఆమ్లం లేని కాగితంలో విడివిడిగా చుట్టి, అంచు మీది అక్షరాలు రాసిన చీటీ దానితోనే పెట్టండి.