ఎంఎస్ ఉన్నవాళ్ల నడక బాగుపడాలంటే మందులు కాక ఇంకేం చేయొచ్చు

మెదడు, వెన్నుపాము దెబ్బతినే జబ్బైన మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)లో నడక పాడైందని అందరూ ఒకే మాట అంటారు గానీ, అది పాడయ్యే తీరు మనిషికో రకంగా ఉంటుంది. ఒకరికి పాదం ముందు భాగం లేవక బొటనవేలు గడపకు తగులుతుంది, ఇంకొకరికి పిక్కలూ తొడలూ బిగుసుకుపోయి కాలు కర్రలా అవుతుంది, మరొకరికి బలం ఉన్నా చీకట్లో తూలుతుంది, కొందరు కాసేపు మామూలుగానే నడిచి తర్వాత కాలు ఈడుస్తారు. మీది ఏదో ముందు తేల్చుకోండి, రెండు మూడు కలిసి కూడా ఉండొచ్చు. నరాల సమస్యలు చూసే ఫిజియోథెరపిస్ట్ ముందు ఒకసారి నడిచి చూపించండి. 25 అడుగులు ఎన్ని సెకన్లలో నడిచారో కొలిపించుకుని రాసి పెట్టుకోండి. తర్వాత ఆ టైమ్‌లో 20 శాతం తేడా వస్తే అది లెక్కలోకి వచ్చే మార్పే.

పాదం లేవని వాళ్లకు షూలో పెట్టుకునే ఏఎఫ్ఓ అనే స్ప్లింట్ ఉంటుంది, పాదం వేలాడకుండా పట్టి ఉంచుతుంది. ఎఫ్ఈఎస్ అనే పరికరం ఇంకో దారి: మోకాలి కింద అంటించిన ప్యాడ్ నుంచి, అడుగు ఎత్తిన ప్రతిసారీ నరానికి చిన్న కరెంటు వెళ్లి పాదాన్ని పైకి లేపుతుంది. ఎంఎస్‌లో దెబ్బతినేది మెదడు, వెన్నుపాములే, కాలి నరం కాదు, కాబట్టే ఇది పనిచేస్తుంది. మొదట్లో చర్మం చిమచిమలాడుతుంది. పెట్టుకుని నడిచి చూడకుండా మాత్రం కొనొద్దు.

వ్యాయామం చేస్తే జబ్బు ముదురుతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది, ఒకప్పుడు డాక్టర్లే విశ్రాంతి తీసుకోమనేవాళ్లు మరి. ఇప్పుడు ఇచ్చే సలహా వేరు: మరీ తీవ్రంగా లేనివాళ్లు వారానికి 2 సార్లు, 30 నిమిషాల చొప్పున, మాట్లాడగలిగేంత ఆయాసం వచ్చేలా నడక గానీ సైక్లింగ్ గానీ చేయాలి, ఇంకో 2 సార్లు కండరాల బలానికి చేయాలి. నన్నడిగితే కుర్చీలోంచి లేవడంతో మొదలుపెట్టమంటాను. కుర్చీని గోడకు ఆనించి, అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముందుకు వంగి చేతుల సాయం లేకుండా లేవండి. కూర్చునేటప్పుడు ధబేల్‌మని పడకుండా మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి, ఎందుకంటే అసలు బలం వచ్చేది అక్కడే. పిక్కలు బిగిసేవాళ్లు గోడ పట్టుకుని, వెనక కాలి మడమ నేలకు ఆనించి 30 సెకన్లు సాగదీయాలి, ఊగకూడదు. తూలేవాళ్లు బ్యాలెన్స్ వ్యాయామాలు పక్కన ఒకరు ఉన్నప్పుడే చేయాలి.

త్వరగా అలిసిపోయేవాళ్లు 6 నిమిషాలు ఏకబిగిన నడవకుండా 2 నిమిషాలు నడిచి కూర్చుని, మళ్లీ 2 నిమిషాలు నడవండి. కాలు ఈడవడం మొదలయ్యాక కాదు, అంతకంటే ముందే కూర్చోవాలి.

ఒంట్లో వేడి కొంచెం పెరిగినా దెబ్బతిన్న నరాల్లో సంకేతం మందగించి కాళ్లు సహకరించవు. దీన్ని 1890లోనే ఊతాఫ్ అనే కంటి డాక్టర్ గమనించారు. ఒళ్లు చల్లబడితే తగ్గిపోతుంది, టెన్షన్ పడక్కర్లేదు, చల్లటి పూట చేయండి, ముందే చల్లటి నీళ్లు తాగండి, ఫ్యాన్ పెట్టుకోండి.

చేతికర్ర గురించి గట్టిగా చెప్పాలి. బలహీనంగా ఉన్న కాలి వైపు పట్టుకునేవాళ్లే ఎక్కువ, అది తప్పు, రెండో చేత్తో పట్టుకోవాలి. షూ వేసుకుని నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు దగ్గరి మడత ఎత్తుకు పిడి రావాలి. నలుగురూ చూస్తారని కర్ర మానేసి పడిపోతే తుంటి ఎముక విరగొచ్చు. ఆ మొహమాటం వద్దు, దయచేసి.

నడక ఉన్నట్టుండి దిగజారితే వ్యాయామం పెంచకండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా అలా అవుతుంది. కొత్త బలహీనత 24 గంటలు దాటినా తగ్గకపోతే మాత్రం వెంటనే న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చేయండి.