ఎండాకు తెగులా? ముందు గాజు గ్లాసు తీయండి

తుఫాను గాలి వాన వెళ్లాక మా నరసన్నపేట వైపు వరి మళ్లలో ఆకు అంచులు కొన నుంచి కిందికి అలలుగా పసుపుబారి, ఎండుగడ్డి రంగుకు తిరుగుతాయి. అది చూసిన ప్రతివాడూ మందుల కొట్టుకు పరుగెత్తుతాడు. నేను గాజు గ్లాసు తెమ్మంటాను.

ఎండిన భాగం, పచ్చి భాగం కలిసే చోట ఆకు ముక్క కత్తిరించండి. కోసిన కొసను తేటనీటిలో ముంచి, గ్లాసు కదపకుండా వెలుతురుకు ఎదురుగా పెట్టండి. కాసేపటికి కోతలోంచి తెల్లని జీర సన్నగా దిగితే అది బాక్టీరియా ఎండాకు తెగులే. అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ దీనిమీద పనిచేయదు. కొట్లో అదే అంటగట్టబోతే తిరిగి వచ్చేయండి.

ఈ బాక్టీరియా ఆకు అంచున ఉండే నీటి రంధ్రాల గుండా, గాలికి ఆకులు రాసుకుని చీరిన గాయాల గుండా లోపలికి దూరి, నీరు పారే నాళాల్లో పెరుగుతుంది. ఎదిరించే జన్యువు ఉన్న మొక్క చేతులు కట్టుకుని కూర్చోదు. ఆఫ్రికా అడవి వరి నుంచి తెచ్చిన ఎక్స్‌ఏ21 జన్యువు కణం పైపొరలో కాపలావాడిని నిలబెడుతుంది. బాక్టీరియా వదిలే ఒక అణువు తగలగానే లోపల రక్షణ చర్యలు మొదలవుతాయి. ఎక్స్‌ఏ13 తీరు వేరు. మామూలు వరిలో బాక్టీరియా మొక్క జన్యువునే మేల్కొలిపి, చక్కెర బయటికి పంపించుకుని తింటుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ జన్యువు బాక్టీరియా మాట వినదు. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది: కొట్లాట లేదు, తిండి పెట్టకపోవడమే!

ఈ రెంటికీ ఎక్స్‌ఏ5 కూడా జోడించి, హైదరాబాదు శాస్త్రవేత్తలు మామూలు సంకరణంతోనే ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని తయారుచేశారు, 2008లో విడుదలైంది. సాంబ మసూరే కావాలనుకుంటే, ఏటా తెగులు వచ్చే పల్లపు మళ్లలో ఆ విత్తనమే వేయండి.

ఉభాల (నాట్ల) వేళ కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయని నారు కొనలు తుంచుతారు. తెగులు వచ్చే చోట ఆ పని వద్దు, ప్రతి తుంపూ ఒక గాయం. తెగులు కనిపించాక మిగిలిన యూరియా గోదాములోనే ఉంచండి. నత్రజని ఎక్కువైతే తెగులు ఇంకా పెచ్చుమీరుతుంది. మంచు ఆరకముందు మడిలో దిగకండి. నీరు తీసేయండి, అయితే కింది మడిలోకి కాదు, నేరుగా మురుగు కాలువలోకి.