చప్పుడు చేయని పాటల కంప్యూటర్

పాటల కోసమని నేను కట్టిన మొదటి కంప్యూటర్ ఒక పెద్ద పొరపాటు. పెట్టె మీద సైలెంట్ అని రాసి ఉన్న ఫ్యాన్లు నాలుగు, చేటంత కూలర్, లోపలంతా ఫోమ్ అతికించిన కేబినెట్. పగలు బాగానే ఉండేది. రాత్రి పదకొండు దాటాక, వయొలిన్ ఒక్కటే మెల్లగా మోగే చోట మాత్రం, వెనకాల ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు వినబడేది. దాన్ని తగ్గించడానికి ఇంకో ఖరీదైన ఫ్యాన్ కొన్నాను. అది కూడా తిరిగాక గానీ బుర్ర వెలగలేదు: పాట వాయించే కంప్యూటర్‌కి అసలు ఫ్యాన్ ఎందుకు?

లెక్క చూడండి. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దం కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. అంతా కలిపితే సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్ (నాణ్యత పోకుండా పాటను కుదించే పద్ధతి) ఫైలు విప్పి ఆ బిట్లను బయటికి పంపడం ఇప్పటి ప్రాసెసర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. కాబట్టి గేమింగ్ మెషీన్ సైజులో ఆలోచించకండి. ఇంటెల్ ఎన్100 లాంటి, 6 వాట్ల రేటింగ్ ఉన్న ప్రాసెసర్‌తో ఫ్యాన్ లేని మినీ పీసీలు దొరుకుతాయి. వాటిలో పైన గీతలు గీతలుగా ఉన్న అల్యూమినియం మూతే కూలర్. 8 జీబీ ర్యామ్ సరిపోవడమే కాదు, మిగిలిపోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4 కూడా ఈ పనికి చాలు, హీట్‌సింక్ కేస్ ఒకటి తొడిగితే.

కరెంటు సప్లై కూడా లాప్‌టాప్‌కి ఇచ్చేలాంటి అడాప్టర్ ఉన్నదే తీసుకోండి. డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద ఎస్ఎంపీఎస్‌లో, అంటే పవర్ సప్లై పెట్టెలో, ఇంకో ఫ్యాన్ దాక్కుని ఉంటుంది, దాన్ని మనం లెక్కలో వేసుకోవడం మర్చిపోతాం.

ఇక డిస్కు. ఇక్కడే నేను రెండు వారాలు తలబాదుకున్నాను. ఫ్యాన్లన్నీ తీసేసినా సన్నని ‘మ్మ్’ మోత పోలేదు. ఒక రాత్రి లైటు తీసేసి, కంప్యూటర్ ఉన్న చెక్క అలమర మీద ఊరికే అరచెయ్యి ఆనించాను. మోత సగానికి పడిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ వచ్చింది. దోషి హార్డ్‌డిస్కు. నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90. ఆ అదురు కేబినెట్ నుంచి చెక్కలోకి దిగి, తంబురా బుర్ర తీగ మోతను పెంచినట్టు, అలమర దాన్ని పెద్దది చేసి మా గదిలోకి వదులుతోంది. డిస్కు కింద రబ్బరు ముక్కలు పెడితే తగ్గింది గానీ పోలేదు. ఎస్ఎస్‌డీ వేశాకే పోయింది, ఎందుకంటే అది చిప్పుల్లో దాచుకునే డిస్కు, అందులో తిరిగేది ఏమీ లేదు.

ఎస్ఎస్‌డీ ఎంత కావాలి? ఒక సీడీ ఫ్లాక్‌గా మారితే సుమారు 300 నుంచి 400 ఎంబీ. 1 టీబీలో రెండున్నర వేల సీడీలు పడతాయి. అంతకన్నా పెద్ద కలెక్షన్ ఉంటే పాటల్ని వేరే గదిలోని డిస్కులో పెట్టి నెట్‌వర్క్ మీద లాక్కోండి. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 శాంపిళ్లు) ఫైలు కూడా సెకనుకు 9.2 మెగాబిట్లే; మామూలు వైఫై సరిగ్గా అందే చోట ఇది బరువేం కాదు. పాత హార్డ్‌డిస్కును పారేయకండి. బ్యాకప్‌కి ఉంచి, నెలకోసారి తగిలించి కాపీ చేసి తీసేయండి. ఎస్ఎస్‌డీ పోతే చాలాసార్లు ముందు చెప్పకుండానే పోతుంది.

అన్నీ తీసేశాక, ఇంక చెవికి ఏం దొరుకుతుందిలే అనుకున్నాను. దొరికింది. మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా ‘కిచకిచ’, కీచురాయి పిల్లలాగా. ఇదే కాయిల్ వైన్: కరెంటు మారినప్పుడల్లా బోర్డు మీది కాయిల్స్ (తీగ చుట్టలు) అదురుతాయి. ఫ్యాన్ మోత కింద ఇన్నాళ్లూ కప్పబడి ఉంది, అంతే. కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసను బోర్డు మీద తిప్పుతూ వెతికితే ప్రాసెసర్ పక్కన దొరికింది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగ్‌లలో) సీ-స్టేట్స్, అంటే పని లేనప్పుడు ప్రాసెసర్ కునుకు తీసే పద్ధతి, ఆపేశాక నా మెషీన్‌లో దాదాపు పోయింది. కరెంటు ఒకటి రెండు వాట్లు ఎక్కువ తింటుంది, తిననివ్వండి. కొత్తగా కొనేవాళ్లు వాపసు ఇచ్చే గడువు లోపలే ఒక రాత్రి దీన్ని విని చూసుకోవాలి.

ఫ్యాన్ లేని పెట్టెను యాంప్లిఫయర్ మీద పెట్టకండి. కింద నుంచి అది కాలుస్తుంది, పైన ఇది కాలుతుంది. నాలుగు వైపులా బెత్తెడు ఖాళీ ఉంటే చాలు. నాది పాటలు నడిచేటప్పుడు 50 డిగ్రీలు దాటదు.

ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌నే వాడాలనుకుంటే అదీ తప్పేం కాదు. గ్రాఫిక్స్ కార్డు పీకేయండి. చిన్న ఫ్యాన్లు తీసి 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒక్కటి పెట్టి, బయాస్‌లో నిమిషానికి 500 చుట్ల దగ్గర కట్టేయండి. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా గాలి చాలినంత తోస్తుంది. చిన్నది అదే గాలి తోయాలంటే గొంతు చించుకోవాలి.

పాట బయటికి వచ్చే దారికి యూఎస్‌బీ డాక్ (డీఏసీ: డిజిటల్ బిట్లను శబ్ద సంకేతంగా మార్చే చిన్న పెట్టె) పెట్టుకోండి. బోర్డులోని ఆడియో జాక్ ఇప్పుడు మరీ చెడ్డదేం కాదు గానీ, సెన్సిటివ్ హెడ్‌ఫోన్ తగిలిస్తే చాలాసార్లు వెనక సన్నని బుస వినబడుతుంది. డాక్ మరీ ఖరీదైనది అక్కర్లేదు, ఖరీదైన యూఎస్‌బీ కేబుల్ అసలే అక్కర్లేదు. ప్రింటర్‌తో వచ్చిన కేబుల్‌నే నేను ఇప్పటికీ వాడుతున్నాను. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి, తేడా అక్కడ వినబడుతుంది.

డాక్ తగిలించగానే స్పీకర్లలో ‘బుర్ర్’ అని హమ్ వస్తే కంగారు పడి డాక్ మార్చకండి. ఎక్కువగా అది గ్రౌండ్ లూప్: కంప్యూటర్‌కీ యాంప్లిఫయర్‌కీ ఎర్త్ రెండు దారుల్లో కలవడం. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. పోకపోతే, కంప్యూటర్‌కి ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే డాక్‌కి ఆప్టికల్ కేబుల్ వేయండి. అందులో వెళ్లేది వెలుతురే గనక ఆ దారిలో కరెంటు వెళ్లే ప్రసక్తే లేదు. కాకపోతే 96 కిలోహెర్ట్జ్ దాటితే ఆప్టికల్‌ను నమ్ముకోలేం. ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విరగ్గొట్టకండి, హమ్ పోతుంది గానీ ప్రాణం మీదికి వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఒకటే చూసుకోవాలి. విండోస్ మామూలుగా అన్ని శబ్దాలనూ ఒక గిన్నెలో కలిపి, సెట్టింగ్‌లో ఉన్న రేటుకి మార్చి పంపుతుంది. 48 కిలోహెర్ట్జ్ అని ఉంటే మీ 44.1 సీడీ పాట 48 అయిపోతుంది. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో అవుట్‌పుట్ డివైస్ దగ్గర ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే ఆ గిన్నెను దాటేసి నేరుగా డాక్‌కి వెళుతుంది. లైనక్స్ వాడితే ఎంపీడీ అనే ప్లేయర్‌కి అల్సా (లైనక్స్ సౌండ్ వ్యవస్థ) హార్డ్‌వేర్ డివైస్‌ను నేరుగా ఇవ్వండి. డాక్‌కి స్క్రీన్ ఉంటే అందులో 44.1 కనబడాలి, అదే పరీక్ష. ఆ రేటు మార్పు చెవికి తెలుస్తుందా అంటే నాకు అనుమానమే. నేను ఎక్స్‌క్లూజివ్ పెట్టుకుంది వేరే కారణానికి: పాట మధ్యలో ‘టింగ్’ అని మెయిల్ చప్పుడు రాదు.

సీడీలు ఫ్లాక్‌లోకి ఎక్కించేటప్పుడు తొందరపడకండి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడి, అక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌తో సరిపోల్చుకోండి. అదే సీడీని వేరేవాళ్లు చదివినప్పుడు వచ్చిన చెక్‌సమ్‌తో (డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యతో) మీది కలిస్తే ఆ ట్రాక్‌ను మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. నేను మొదటి యాభై సీడీలు ఇది లేకుండా చేసి, టిక్కు టిక్కుమనే చోట్లు దొరికాక మళ్లీ మొదటి నుంచి చేశాను.

ఇప్పుడు మా అమ్మాయి గదిలోకి వచ్చి, “నాన్నా, ఇది ఆన్‌లో ఉందా?” అని అడుగుతుంది. మూత మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉంటే ఉందని చెబుతాను. ముందు నీలం ఎల్‌ఈడీ ఒకటి ఉంది, అది చూసి చెప్పొచ్చు. కానీ చీకట్లో కళ్లలో గుచ్చుకుంటోందని దాని మీద నల్ల టేపు ముక్క అంటించేశాను.