స్పెయిన్‌లో స్పానిష్ చదువు: ఆతిథ్య కుటుంబం ఇంట్లో దిగే ముందు జాగ్రత్తలు

సెప్టెంబరు తరగతులకు సలమాంకా వంటి ఊళ్లకు వెళ్లేవారు వీటిని ముందే చూసుకోండి.

– వీసా ఆరు నెలలు దాటితే, స్పెయిన్‌లో అడుగుపెట్టిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డు, అంటే టీఐఈకి దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్లు అంత తేలిగ్గా దొరకవు. దిగిన రోజునుంచే వెతకండి, దీన్ని మాత్రం వాయిదా వేయవద్దు.

– నగరపాలక సంస్థలో చిరునామా నమోదుకు ఇంటివారు సహకరిస్తారా? బయలుదేరకముందే అడగండి.

– శాకాహారులు ‘మాంసం తినను’ అని ఊరుకోకండి. చాలామంది చేపను, హామ్‌ను (ఉప్పు పట్టించిన పంది మాంసం) ఆ లెక్కలో వేయరు. మన పప్పులా కనిపించే లెంతేహాస్‌లో చొరీసో అనే పంది మాంసపు సాసేజ్ ముక్కలు ఎర్రటి నూనె వదులుతూ ఉడుకుతుంటాయి. తినని వాటి పేర్లన్నీ స్పానిష్‌లో రాసి, మొదటి రోజే వంట చేసేవారి చేతికివ్వండి. గుడ్డు తింటే అదీ రాయండి, బంగాళాదుంపల తోర్తియాతో, అంటే అక్కడి మందపాటి ఆమ్లెట్‌తో, కడుపు నిండుతుంది.

– మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రిది తొమ్మిది తరువాత. భోజనంతో వేసుకునే మందులుంటే ముందే డాక్టరును అడగండి.

– మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు. అడాప్టర్ చేతిసంచిలో ఉంచుకోండి.

– అదే ఇంట్లో మరో తెలుగు విద్యార్థి ఉండేలా కోరుకోకండి. భోజనాల బల్ల దగ్గర వినే స్పానిష్ తరగతిలో దొరకదు.