చీరకట్టి బయటికి – నాలుగో పాఠం: గడియ తీశాక

చీర కట్టుకోవాలని ఇష్టపడే మగవాళ్ళ కోసం రాస్తున్న పాఠాలివి. పోయిన మూడు పాఠాల్లో చీర కట్టడం, గడ్డం నీడ కప్పడం, జాకెట్టు కుట్టించుకోవడం అయ్యాయి. అవన్నీ తలుపుకు గడియ పెట్టుకుని చేసే పనులు. ఈ పాఠంలో గడియ తీస్తాం.

ఈ దశలో ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే. ‘మగవాడినని ఎవరూ గుర్తుపట్టకుండా ఉండాలంటే ఏం చేయాలి?’ నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. గుర్తుపడతారు. మన భుజాల వెడల్పు, కంఠమణి, మణికట్టు లావు ఎక్కడికి పోతాయి? పైగా మనది కర్నూలు. మార్చి దాటిందంటే మధ్యాహ్నం వేసిన మేకప్పు సందు చివరికి వెళ్ళేసరికి మెడలోకి జారుతుంది. అందరూ పట్టరు, ఎవరో ఒకరు పడతారు. గుర్తుపట్టరులే అన్న నమ్మకం మీద కట్టుకున్న ధైర్యం ఆ ఒక్కరి చూపుకే కూలిపోతుంది. గుర్తుపట్టాక నేనేం చేయాలో నాకు తెలుసు అనుకున్నవాడికి కాళ్ళు వణకవు. ఈ పాఠంలో నేర్చుకునేది అదే.

ముందు మిద్దె మీద సాధన. నూలుచీర తీసుకోండి, ఎమ్మిగనూరు నేతచీర లాంటిది. సింథటిక్ చీర చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్తవాళ్ళ నడుం మీద నిలవదు. అంచుకు ఫాల్ కుట్టించండి, కుచ్చిళ్ళు బరువుగా వేలాడి కాళ్ళకు చుట్టుకోకుండా ఉంటాయి. కుచ్చిళ్ళను లోపావడాకు ఒక పిన్నీసుతో బిగించండి. రెండోది భుజం దగ్గర. మూడోది సంచిలో ఉండాలి, ఎందుకో బయటికి వెళ్ళినప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక మిద్దె మీద నడిచి చూడండి. మొదటి నాలుగడుగుల్లోనే చీర మిమ్మల్ని ఆపుతుంది. మనం పుట్టినప్పటి నుంచీ అంగలు వేసుకుంటూ నడిచినవాళ్ళం, లోపావడా ఘేరు అంత అంగను ఒప్పుకోదు. నడక మార్చుకోవాలని పాఠాలు చదవక్కర్లేదు, చీరే నేర్పుతుంది. దాంతో పోట్లాడకపోతే చాలు. ఆరేసిన బట్టలు తీయండి, బకెట్టు పట్టుకుని మెట్లు దిగండి. మెట్లు దిగేటప్పుడు ఎడమచేత్తో కుచ్చిళ్ళను రెండు వేళ్ళ ఎత్తు పైకి పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు ఇంకాస్త ఎక్కువ. ఆటో ఎక్కడం కూడా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మంచం పక్కన నిలబడి ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తీసుకోండి. మగవాళ్ళలా ముందు ఒక కాలు లోపల పెట్టి ఎక్కితే కుచ్చిళ్ళు ఊడి చేతికొస్తాయి. సంచిలో పెట్టమన్న మూడో పిన్నీసు ఇందుకే.

నేను మొదటిసారి మిద్దె మీద తిరుగుతుంటే మా ఆవిడ వడియాలు ఆరబెడుతూ చాలాసేపు చూసింది. చివరికి అంది: “నడక సరే. మాటిమాటికీ కొంగు యాల సర్దుకుంటావు? కొత్త పెండ్లికూతురివా?” చీర ఊడిపోతుందేమో అన్న భయం చేతుల్లో కనిపిస్తుంది. మనల్ని పట్టించేది ముఖం కన్నా ముందు ఆ చేతులే. అందుకే ఒక చేతికి సంచి ఇవ్వండి, రెండోదాన్ని ఊరికే వదిలేయండి. అరగంటలో ఒక్కసారి కూడా కొంగు ముట్టుకోకుండా ఉండగలిగిన రోజు మీరు వీధికి సిద్ధమైనట్టు.

చెప్పుల గురించి ఎక్కువ చెప్పను. మడమ ఎత్తు చెప్పులు వద్దు. మన కాలికి పట్టే ఆడవాళ్ళ చెప్పులు దొరకడమే కష్టం, మామూలు పట్టీల చెప్పులు చాలు.

వీధికి ఎప్పుడు వెళ్ళాలి? మొదట్లో చాలామంది రాత్రి పదకొండు తర్వాత ఎవరూ లేని సందు వెతుక్కుంటారు. నేనూ అదే తప్పు చేశాను. ఆ వేళప్పుడు ఆ సందులో ఉండేవి కుక్కలు, తాగినవాళ్ళు, గస్తీ జీపు. ఒంటరిగా చీరకట్టుకున్న మనిషి వాళ్ళందరి కళ్ళలో పడేది అప్పుడే. చలికాలం సాయంత్రం ఆరున్నరకు రాజ్‌విహార్ సెంటర్‌లో నిలబడి చూడండి. బస్సు అందుకునేవాళ్ళు, బేరమాడేవాళ్ళు, బండి ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగేవాళ్ళు, ఎవరి గొడవ వాళ్ళది. జనం ఉన్నచోటే మనకు మరుగు. సొంత వీధి మాత్రం వద్దు. ఇల్లు సీ క్యాంపు వైపు అయితే కొండారెడ్డి బురుజు వైపు వెళ్ళండి, అటువాళ్ళు ఇటు రండి. స్నేహితుడి ఇంట్లో కట్టుకుని అక్కడి నుంచి ఆటోలో వెళ్ళడం అన్నిటికన్నా సుళువు.

కొందరు చుడీదార్ వేసుకుని, ముఖానికి చున్నీ చుట్టుకుని, స్కూటీ మీద ఊరంతా తిరిగి వస్తారు. మన ఎండలకు ఆడపిల్లలందరూ అలాగే చుట్టుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సరదాగా ఉంటుంది, కాదనను. కానీ దాన్ని బయటికి వెళ్ళడం అనను, బండి తోలడం అంటాను. దిగి ఒకరితో మాట్లాడితేనే బయటికి వెళ్ళినట్టు లెక్క.

మాట్లాడాలంటే పని ఉండాలి. ఊరికే తిరగడానికి వెళ్ళినవాడికి ఎక్కడ ఆగాలో, ఎటు చూడాలో తెలియదు. ఆ తడబాటే జనాన్ని తలతిప్పేలా చేస్తుంది. మన జిల్లాలోనే ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోళీకి మగవాళ్ళు చీరలు కట్టి, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. మీసాలున్నవాళ్ళు మీసాలతోనే వెళ్తారు. ఆడవాళ్ళలా కనబడాలన్న తాపత్రయం అక్కడ ఎవరికీ లేదు, చేతిలో పళ్ళెం, ఎదురుగా గుడి, అంతే. అది వాళ్ళ మొక్కు, మన సాధనకు మైదానం కాదు. వెళ్తే భక్తితో వెళ్ళి చూసి రండి. కానీ ఏ పని మీద నడుస్తున్నాడో తెలిసిన మనిషి నడక ఎలా ఉంటుందో అక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

మన తెలుగువాళ్ళకు ఆడవేషం కొత్తేమీ కాదు. 1902లో పుట్టిన నాటక నటుడు స్థానం నరసింహారావు గారు ఆడపాత్రలకే పేరుపడి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మన సీమలో తాడిపత్రిలో పుట్టిన మరో నాటక నటుడు బళ్ళారి రాఘవ గారేమో ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. వేదిక మీద ఆయన మాటే న్యాయం అంటాను నేను. వీధి సంగతి వేరు, ఇక్కడ మనం ఎవరి పాత్రా లాక్కోవడం లేదు.

నేను పెట్టుకున్న మొదటి పని పూలు కొనడం. ఏడేళ్ళ కింద, డిసెంబరులో. బురుజు దగ్గర బుట్టలు పెట్టుకునే అవ్వల్లో ఒకామె ముందు ఆగాను. నాలుగు రోజులు అద్దం ముందు సాధన చేసిన సన్న గొంతుతో “రెండు మూరలు కనకాంబరాలియ్యమ్మా” అన్నాను.

ఆమె తలెత్తలేదు. దండ చుట్ట విప్పుతూ “రెండే చాల్నా అన్నా?” అంది.

ఆ ‘అన్నా’ చెవిలో పడగానే వీపంతా చెమట పట్టింది. వెనక్కి తిరగబోతే కొంగు కొస బుట్ట ఈనెకు తగులుకుని ఉంది. ఆమె మాత్రం మోచేతి నుంచి వేలి కొస దాకా దండను సాగదీసి కొలుస్తోంది. ఏదో ఒకటి అనాలని “మూర చిన్నగుందే” అన్నాను. సన్న గొంతు మరిచిపోయాను, నా గొంతే వచ్చింది. అప్పుడు తలెత్తి ముఖం కాదు, నా చెయ్యి చూసింది.

“నీ చేత్తో కొలిస్తే నేను యాపారం చేసినట్లే! నా చెయ్యే నా మూర.”

పక్క బుట్టామె ఫక్కుమంది. నాకూ నవ్వొచ్చింది. “తల్లో పెట్టుకుంటావా, ఆకులో చుట్టాల్నా?” అని అడిగింది. నేను సిద్ధం చేసుకున్న ప్రశ్నల్లో అది లేదు. ఆకులో చుట్టమన్నాను, అంత ధైర్యం ఇంకా రాలేదు. డబ్బులిచ్చి, కొంగు విడిపించుకుని, ఆటో దాకా నడిచాను. పరుగెత్తలేదు.

ఆమె నన్ను చూడకుండానే, గొంతుతోనే పట్టేసింది. అందుకే గొంతు సన్నం చేయొద్దంటున్నాను. మీ గొంతునే కాస్త తగ్గించి, పొట్టి మాటలతో మాట్లాడండి. బొంగురు గొంతు ఆడవాళ్ళు మన ఊళ్ళో బోలెడంతమంది ఉన్నారు, కీచుమనే గొంతుతో మాట్లాడే పెద్దామె మాత్రం ఎక్కడా ఉండదు.

గుర్తుపట్టాక చేయాల్సింది ఇంతే. ఆగిపోకండి, మొదలుపెట్టిన పని పూర్తిచేయండి, వచ్చిన వేగంతోనే వెళ్ళండి. తేరిపార చూసేవాళ్ళను మీరూ తేరిపార చూడొద్దు, తల కూడా దించొద్దు. అంగడి బోర్డు చదవండి. కుర్రాళ్ళు ఏదో అంటే వినబడనట్టు ఉండండి, ఎదురు జవాబే వాళ్ళకు కావాల్సింది. చిన్నపిల్లలు నవ్వితే మీరూ నవ్వండి, వాళ్ళకు ఇది వేషమే. ఎవరైనా ఫోన్ ఎత్తి వీడియో తీస్తే ఫోన్ లాక్కోవద్దు, వీపు తిప్పి పక్క అంగట్లోకి వెళ్ళండి. ఇద్దరు ముగ్గురు వెంటబడితే మందుల షాపు లాంటి వెలుతురున్న చోట నిలబడి మీకు తోడొచ్చిన మనిషికి ఫోన్ చేయండి. ఆ మనిషి ముందే ఇరవై అడుగుల దూరంలో ఉండాలి, పక్కన కాదు. పక్కన ఉంటే మీరు వాళ్ళ ధైర్యంతో నడుస్తారు. పరిస్థితి చెయ్యి దాటితే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. ఫొటోలు బయటపెడతామని ఆన్‌లైన్‌లో బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. ఒకసారి ఇస్తే అడగడం ఆపరు.

పోలీసు ఆపితే? చీర కట్టుకున్నందుకు మగవాడి మీద కేసు పెట్టే చట్టం మనకు లేదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, మనిషి తన జెండర్‌ను దుస్తుల ద్వారా, మాట ద్వారా, నడవడిక ద్వారా వ్యక్తం చేసుకోవడం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. ఆ తీర్పు ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం వచ్చింది. మనలో అందరూ ట్రాన్స్‌జెండర్లు కారు, నేనూ కాను. అయినా ఆ మాట తెలిసి ఉండటం మంచిది. అక్కడ నిలబడి తీర్పు అప్పజెప్పకండి గానీ. “సార్, నా పేరిది, ఆధార్ ఇదిగో, పూలు కొందామని వచ్చినా” అంటే చాలు. ఆడపేరు చెప్పకండి. అబద్ధం దొరికిందంటే లేని తప్పు ఉన్నట్టవుతుంది.

ఆ మాట మీదే బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. మీ కార్డులో పురుషుడు అని ఉంటే చీర కట్టుకున్నా డబ్బిచ్చి టికెట్ కొనండి, ఆడవాళ్ళ సీట్లో కూర్చోకండి. కండక్టరుతో వాదన పెట్టుకోవడానికి మొదటి వారం అసలు తగదు, ఆటోలోనే వెళ్ళండి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి, ట్రయల్ రూమ్ జోలికీ వెళ్ళొద్దు. అక్కడ భయపడేది మీరొక్కరే కాదు. నలభై నిమిషాల్లో ఇంటికి వచ్చేలా చూసుకుంటే ఆ అవసరమే రాదు. దారిలో హిజ్రాలు ఎదురైతే “నమస్తే అక్కా” అని పలకరించండి. వాళ్ళ చప్పట్లను సరదాకు కూడా అనుకరించొద్దు. మనం ఇంటికెళ్ళి చీర మడిచి బీరువాలో పెట్టేస్తాం, వాళ్ళకు అది కుదరదు.

ఈ వారం ఇంటిపని: నాలుగు రోజులు మిద్దె, రోజుకు అరగంట. ఐదో రోజు సాయంత్రం ఒకే ఒక్క వస్తువు కొనుక్కు రండి, పూలైతే మరీ మంచిది. మీ గొంతుతోనే అడగండి, ఒక్క బేరమైనా ఆడండి. ఇంటికొచ్చాక చీర విప్పకముందే కాగితం మీద రెండు సంగతులు రాయండి: కొంగు ఎన్నిసార్లు సర్దుకున్నారు, ఎదుటివాళ్ళు మిమ్మల్ని ఏమని పిలిచారు. అన్నా అన్నా సరే, అమ్మా అన్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాయండి.

వచ్చే పాఠం: విగ్గులో పూలు జారకుండా పెట్టుకోవడం.